స్వయంగా వచ్చినవారు

ప్రొద్దుటూరు,
జూన్ 14

కెరోలిన్‌కు,

ఏప్రిల్ నుంచి నాలుగుసార్లు ఫోన్ చేశావు. నేను ఎత్తలేదు. కోపం కాదు. నీ గొంతూ మీ అక్క గొంతూ ఒకటే. నువ్వు హలో అంటే నాకు ఆ తర్వాతి మాట వినపడదు. కాగితం మీద అయితే నువ్వు నువ్వుగానే ఉంటావు. అందుకని రాస్తున్నాను. వీలైతే నువ్వూ రాయి.

ఒక పని ఒప్పుకున్నాను. కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పినన్నాళ్లూ పగలు చాలేది కాదు. రిటైరయ్యాక రజిని ఉంది కాబట్టి గడిచింది. ఆమె పోయాక మధ్యాహ్నాలు గడవడం లేదు.

పని ఇది. ఒక సంస్థ మన వైపు పది ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, సీనియర్ నర్సులకు పులివెందులలో నాయకత్వ శిక్షణ ఇస్తోంది. ప్రతి జట్టూ ఒక లక్ష్యం పెట్టుకుంటుంది. ఆ శిక్షణ వల్ల రోగికి ఏమైనా మేలు జరిగిందా లేదా అన్నది నేను తేల్చాలి. శిక్షణ అందని మరో పది కేంద్రాలను పక్కన పెట్టి పోల్చి చూస్తాను. జాబితాలో మీ ఎర్రమిట్టపల్లె కేంద్రం ఉంది, నీ పేరు ఉంది. మన బంధుత్వం గురించి కోఆర్డినేటరు వినోద్ కుమార్‌కు ముందే చెప్పాను. లెక్కకు చుట్టరికం ఉండదు సార్ అన్నాడు.

నేను బాగానే ఉన్నాను. ఇంటి ముందు ఆటో ఆగిన చప్పుడైతే మాత్రం ఇంకా లేచి నిలబడుతున్నాను.

బావ
దాసయ్య


జమ్మలమడుగు,
జూన్ 25

బావకు,

మీ చేతిరాత చూసి వాకిట్లోనే కూర్చుని చదివాను. నా గొంతు మీకు కష్టమని నాకు తట్టలేదు. ఇకమీదట రాస్తాను. అక్క కూడా పెళ్లైన కొత్తలో నాకు ఉత్తరాలే రాసేది.

పులివెందుల సంగతి చెప్తాను. మూడు రోజులు మమ్మల్ని హాల్లో కూర్చోబెట్టి పాత పేపర్లతో గోపురం కట్టమన్నారు. ఎవరి గోపురం ఎక్కువసేపు నిలబడితే వాళ్లు గెలిచినట్టు. మాది పడింది. తిరిగొచ్చేసరికి మా ఆయా రహమత్‌బీ గుమ్మంలోనే పట్టుకుంది.

"ఏంది డాక్టరమ్మా, మూడు దినాలు కాగితాలతో గోపురం కట్టినారంట? ఈడ కాన్పుల రూములో నీళ్లు వచ్చి నెలాయ. ఆ మోటరు జూడండి ముందు."

డాక్టర్ ఫరహత్‌కు ముప్పై ఏళ్లు కూడా లేవు. ఇంకొకరైతే కసిరేవాళ్లు. ఆమె నవ్వి, మరుసటి రోజే మెకానిక్కును తెచ్చి కుర్చీ వేసుకుని కూర్చుంది. ఇప్పుడు నీళ్లున్నాయి. తొమ్మిదికల్లా అందరం ఉంటున్నాం. డ్యూటీలో ఫోన్లు ఒక బుట్టలో వేయాలన్న రూలు నేనే పెట్టాను. శిక్షణ వట్టిది కాదు బావా.

మా లక్ష్యం కూడా ఆమె మాటే. "మనం భయపడి ప్రొద్దుటూరు పెద్దాసుపత్రికి పంపేది ఎక్కువైంది సిస్టర్" అంది. నిజమే. నెలకు ఇరవై మంది కాన్పుకొస్తే ఏడెనిమిది మందిని పంపేస్తాం. అందుకని "అనవసరంగా పైకి పంపడం తగ్గిస్తాం" అని రాసిచ్చాం. కాగితం తిరిగొచ్చేసరికి "అనవసరంగా" అన్న మాట మీద ఎవరో ఆకుపచ్చ ఇంకుతో గీత కొట్టారు. "పైకి పంపడం తగ్గిస్తాం" అని మిగిలింది. అదే బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి పెట్టాం.

రహమత్‌బీ కోడలు మెహబూబున్నీసాకు నాలుగో నెల. కొడుకు ఉమైర్ కువైట్‌లో ఉన్నాడు. "నా కోడలు ఈడనే కనాల, నేను తుడిచిన బండల మీదనే" అని ఇప్పటినుంచే అందరికీ చెప్తోంది.

వేళకు తినండి.

కెరోలిన్


ప్రొద్దుటూరు,
సెప్టెంబర్ 20

కెరోలిన్‌కు,

మూడు నెలల లెక్కలు వచ్చాయి. శిక్షణ పొందిన పది కేంద్రాల్లో, కాన్పుకు వచ్చిన నూరు మందిలో ముప్పై ఎనిమిది మందిని పైకి పంపేవారు. ఇప్పుడు తొమ్మిది మందినే పంపుతున్నారు. మిగతా పది కేంద్రాల్లో ఏ మార్పూ లేదు. ఆగస్టులో మీరు ఒక్కరినే పంపారు.

వినోద్ కుమార్ ఫోన్లో అరిచినంత పని చేశాడు. ఇంత తేడా కనిపిస్తే లెక్క కట్టినవాడు కూడా సంతోషించాలి. నాకు మాత్రం ఆ పట్టిక నమ్మబుద్ధి కాలేదు.

ఎందుకంటే నిన్న ఇక్కడి ఆసుపత్రిలో కాన్పుల వార్డు రిజిస్టరు తిరగేశాను. అందులో ఒక గడి ఉంది, వచ్చిన తీరు అని. ఆగస్టులో మీ కేంద్రం పరిధి ఊళ్ల నుంచి ఎనిమిది మంది వచ్చారు. ఒకరు మీరు పైకి పంపుతూ రాసిచ్చిన చీటీతో వచ్చారు. ఏడుగురి పేర్ల పక్కన "స్వయంగా" అని ఉంది.

ఆ ఏడుగురూ ముందు మీ దగ్గరికి వచ్చారా?

దాసయ్య


జమ్మలమడుగు,
సెప్టెంబర్ 26

బావగారికి,

జనం వాళ్లకు నచ్చిన చోటికి పోతారు. కాళ్లకు తాడు కట్టి ఆపలేం. మా రిజిస్టరులో ఉన్నదే మేం చెప్పగలం. మిగతాది మా పని కాదు.

మీరు మా లక్ష్యం కొలవడానికి వచ్చారో, మమ్మల్ని పట్టించడానికి వచ్చారో నాకు అర్థం కావడం లేదు. ఏమైనా అడగాలంటే డాక్టరమ్మకు ఆఫీసు ద్వారా రాయండి.

మందులు వేసుకుంటున్నారని అనుకుంటాను.

కె. కెరోలిన్, స్టాఫ్ నర్సు


ప్రొద్దుటూరు,
అక్టోబర్ 7

కెరోలిన్‌కు,

ఆఫీసుకు రాయలేదు. నీకే రాస్తున్నాను.

ఆటో జమాల్ గుర్తున్నాడు కదా. ఈస్టరు రోజు మమ్మల్ని మీ ఇంటి నుంచి ఇక్కడికి తెచ్చినవాడు. శుక్రవారం ఆసుపత్రి గేటు దగ్గర కనిపించాడు. బండి వెనక సీటు మీద బిందెతో నీళ్లు పోసి కడుగుతున్నాడు. నీళ్లు ఎర్రగా పోతున్నాయి. నేను పక్కన నిలబడ్డాను. సీటు కడుగుతూనే మాట్లాడాడు.

"గండికోట దారిలో పిల్ల సార్. తొలి కాన్పు. రెండు గంటలు ఆడ పండబెట్టుకొని, కాదని తెలిసినాక నన్ను పిలిపించినారు. సిస్టరమ్మ చీటీ రాయలే. 108 పిలుస్తా అంటే వద్దనె. మీ అంతట మీరు పోయినట్టు పోండి అనె."

"మనిషెట్లా ఉంది?"

"మనిషి ఉండాది సార్. బిడ్డ లేదు. ఈడ డాక్టరమ్మ నన్ను అడుగుతాంది, రక్తం ఎప్పటి నించి పోతాంది, ఏం సూది వేసినారు అని. నాకేం ఎరిక సార్? నేను బండి తోలేటోణ్ణి."

వార్డు రిజిస్టరు చూశాను. ఆమె పేరు పక్కనా "స్వయంగా" అనే ఉంది.

నీకు ఒక మాట చెప్పవలసింది ఉంది. జూన్‌లోనే చెప్పి ఉండాలి. ఆకుపచ్చ ఇంకు నాది. మీ కాగితం నా బల్ల మీదికే వచ్చింది. ఏది అవసరం, ఏది అనవసరం అన్నది లెక్కపెట్టలేం, కొలవలేని మాట లక్ష్యంలో ఉండకూడదు అని గీత కొట్టాను. పది జట్ల కాగితాల మీదా కొట్టాను. అర నిమిషం కూడా పట్టి ఉండదు.

కాబట్టి నిన్ను పట్టించడానికి నేను రాలేదు. పట్టుబడితే ఇద్దరం కలిసే.

ఇంకా ఎవరెవరు నెలలు నిండి ఉన్నారో రాయి. నాకు భయంగా ఉంది.

దాసయ్య


జమ్మలమడుగు,
అక్టోబర్ 30

బావకు,

మీ ఉత్తరం ఇరవై రోజులు బైబిల్లో పెట్టుకుని తిరిగాను. జవాబు రాస్తే అది సాక్ష్యమవుతుందని భయం. రాయకపోతే నిద్ర లేదు.

మొదటి నెల మేం నిజంగానే బాగా చేశాం. అంతకుముందు మధ్యాహ్నం దాటితే చాలు, చూడకుండానే పైకి పంపేవాళ్లం. అది మానేశాం. ఆరుగురు మా దగ్గరే సుఖంగా కన్నారు. బోర్డు మీద అంకె తగ్గింది. పులివెందుల మీటింగులో చప్పట్లు కొట్టారు. ముప్పై ఏళ్ల సర్వీసులో నా కోసం ఎవరూ చప్పట్లు కొట్టలేదు బావా. జూలై చివర్లో ఇద్దరిని పంపవలసి వచ్చింది, అంకె పెరిగింది. మీటింగులో అందరి ముందూ లేచి ఎందుకు పెరిగిందో చెప్పమన్నారు. డాక్టరమ్మ నిలబడి, తల ఎత్తకుండా కాగితం చూసి చదివింది.

ఆ తర్వాత ఇదీ అని ఎవరూ అనుకోలేదు. 108 పిలిస్తే వాళ్ల దగ్గర నమోదవుతుంది. చీటీ రాస్తే మా పుస్తకంలో ఉంటుంది. ఒకరోజు ఒక తల్లి తనే ఆటో తెచ్చుకుని కూతుర్ని తీసుకుపోయింది. అది లెక్కలో పడలేదు. ఆ దారి మాకు అలా తెలిసింది. మొదట కాసేపు చూద్దాం అనుకుంటాం. తర్వాత ఇంకాసేపు. ఆ తర్వాత ఆటో. పంపాక రహమత్‌బీ, నేను గుమ్మంలో నిలబడి ఆటో మలుపు తిరిగేదాకా చూస్తాం. ఆ గండికోట దారి అమ్మాయి వెళ్లినప్పుడు కూడా అలాగే నిలబడ్డాం.

నెలలు నిండినవాళ్లను అడిగారు. మెహబూబున్నీసా ఉంది. ఎనిమిదో నెల నడుస్తోంది. పాదాలు వాచాయి. ఈరోజు బీపీ నూట యాభై, నూరు. మాత్రలు మొదలుపెట్టి రోజూ చూద్దామంది డాక్టరమ్మ. పదో తేదీన పులివెందులలో ఫలితాల సభ. ఎవరూ ఆ తేదీ పేరెత్తడం లేదు. కానీ అందరం దాన్నే లెక్కపెట్టుకుంటున్నాం.

నేనేం చేయాలి?

కెరోలిన్


ప్రొద్దుటూరు,
నవంబర్ 1, ఉదయం

కెరోలిన్‌కు,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. అందిన వెంటనే ఫోన్ చేశాను. అవును, నేనే. ఆరుసార్లు మోగింది. నీ బుట్టలో మోగుతున్నట్టుంది. కేంద్రం నంబరు పలకడం లేదు. జమాల్ చేతికిచ్చి ఇది పంపుతున్నాను. చదవగానే చెయ్యి.

మెహబూబున్నీసాను పంపు. ఈరోజే. 108 బండిలో, చీటీతో. నువ్వు పక్కన కూర్చో.

చీటీ మీ అక్క ఎలా రాసేదో నీకు తెలుసు. పాతికేళ్లు రాసింది. ఎన్నింటికి మొదలైంది, ఎప్పుడు చూశాం, బీపీ ఎంత, ఏ మందు, ఎంత, ఎన్నింటికి. కింద పూర్తి పేరు. పొడి సంతకం పెట్టేది కాదు. అందరికీ రాసిన మనిషి, తను మాత్రం చీటీ లేకుండా వెళ్లింది.

ఆ రోజు నేను సమాధుల తోటలో ఈస్టరు ఆరాధన ముగించుకుని ఏడుంబావుకు మీ ఇంటికి వచ్చాను. రజిని మంచం మీద కూర్చుని ఉంది. ఒళ్లంతా చెమట. ఇప్పుడే మొదలైంది అంది. ఇక్కడ ఆసుపత్రిలో డాక్టరు అడిగింది, గుండె నొప్పి ఎప్పటి నుంచి అని. ఏడుంబావు అన్నాను. మాత్ర ఏమైనా ఇచ్చారా అంది. తెలియదన్నాను. ఆమె నా ముఖం చూసి ఇంకేమీ అడగలేదు. నువ్వు బట్టలు సర్దుకుని బస్సులో వచ్చేసరికి అయిపోయింది.

తెలియదు అని చెప్పడం ఎలా ఉంటుందో ఇంకొకరికి వద్దు.

అంకె సంగతి నాకు వదిలెయ్యి.

దాసయ్య


జమ్మలమడుగు,
నవంబర్ 5

బావకు,

జమాల్ పదిన్నరకు వచ్చాడు. అప్పటికే మెహబూబున్నీసా బల్ల మీద ఉంది. పొద్దున్నుంచి తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు అంటోంది. బీపీ నూట డెబ్బై, నూట పన్నెండు. డాక్టరమ్మ మూడోసారి చూస్తోంది, అంకె మారుతుందేమో అన్నట్టు.

మీ ఉత్తరం చదివి ఆమె చేతికిచ్చాను. చదివింది. "సిస్టర్, ఇంకో తొమ్మిది రోజులు..." అని ఆగిపోయింది. తన గొంతు తనకే వినపడినట్టుంది. కుర్చీలో కూర్చుని రెండు చేతులతో ముఖం కప్పుకుంది. తర్వాత లేచి ఇంజక్షను తియ్యమంది.

చీటీల పుస్తకం కోసం సొరుగంతా వెతికాను. ఆగస్టు తర్వాత తీయలేదు.

రహమత్‌బీకి విషయం అర్థమైంది. కోడలి కాళ్లు పట్టుకుని నిలబడి, నాతో ఏమందో తెలుసా? "సిస్టరమ్మా, చీటీ ఎందుకు? జమాల్ బండి వాకిట్లోనే ఉండాది గదా. మేం మా అంతట పోతాం. మీ బోర్డుకు చెడ్డపేరు రానియ్యం."

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. మేం అందరికీ చెప్పిన మాట, ఆమె కోడలి విషయంలో మాకే తిరిగి చెప్పింది.

జమాల్ గుమ్మంలో నుంచే అన్నాడు. "నేను తోలను పెద్దమ్మా. తిట్టుకో, కొట్టు. సీటు కడిగి కడిగి నా చేతులు వాసనొస్తాండాయి. 108 పిలువు."

"నీ బండికి అంత మిడిసిపాటా రా?"

"బండికి కాదు, నాకే భయం."

డాక్టరమ్మ తనే ఫోన్ చేసింది. నేను చీటీ రాశాను. అక్క రాసినట్టే. ఫిట్స్ రాకుండా వేసిన మెగ్నీషియం ఎంత, ఏ వైపు, ఎన్నింటికి, అన్నీ. ఆమె సంతకం పెట్టింది. పూర్తి పేరు రాయమన్నాను, రాసింది.

పెన్నేరు వంతెన దాటాక బండిలోనే ఫిట్స్ వచ్చాయి. పళ్లు గిట్టకరుచుకున్నాయి. నా చున్నీ మూతికి అడ్డం పెట్టబోయి, అక్క తిట్టేది గుర్తొచ్చి మానేశాను. పక్కకు తిప్పి పట్టుకున్నాను. ఒకటిన్నర నిమిషం. రహమత్‌బీ ముందు సీట్లో వెనక్కి తిరగకుండా దువా చదువుతోంది. నేనూ ప్రార్థన చేశాను. ఏమడిగానో గుర్తు లేదు.

ఆసుపత్రిలో డాక్టరు చీటీ తీసుకుని చదివింది. నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు బావా. మందు ఎంత పడిందో తెలుసు కాబట్టి మిగతాది వెంటనే మొదలుపెట్టింది. ఇరవై నిమిషాల్లో ఆపరేషన్‌కు తీసుకుపోయారు. ఆడపిల్ల. కేజీ ఎనిమిది వందలు. పసిబిడ్డల వార్డులో గాజు పెట్టెలో ఉంది. తల్లి నిన్న కళ్లు తెరిచి నీళ్లడిగింది. ఇంకా గండం గడిచిందని చెప్పడం లేదు.

మీ ఇంటికి నాలుగు వీధుల దూరంలో రెండు రోజులున్నాను. రాలేదు. ఎందుకు రాలేదో చెప్తాను.

అక్క నొప్పి ఏడుంబావుకు మొదలవలేదు. ఆరింటికే మొదలైంది. మీరు అప్పుడు సమాధుల తోటలో ఉన్నారు. గ్యాస్ అనుకుని మందు తాగించాను. తగ్గలేదు. పోదాం అన్నాను. "పండగ పూట ఆయన్ను బెదరగొట్టొద్దే, కాసేపు చూద్దాం" అంది. ఇద్దరం నర్సులం. కాసేపు చూశాం. మీ చెప్పుల చప్పుడు వినగానే "ఇప్పుడే అని చెప్పు" అంది. నేను అలాగే తల ఊపాను. మిమ్మల్ని ఆటో ఎక్కించేటప్పుడు నా పరుసులో పెన్ను ఉంది. ఒక్క ముక్క రాసి ఉంటే డాక్టరుకు తెలిసేది. రాస్తే ఆ గంట మీకు కూడా తెలిసేది. అందుకని రాయలేదు.

ఎర్రమిట్టపల్లెలో నేను చేసింది అప్పుడు నేర్చుకున్నదే.

మీరు ఇక రాయకపోయినా నాకు అర్థమవుతుంది.

కెరోలిన్


ప్రొద్దుటూరు,
నవంబర్ 12

కెరోలిన్‌కు,

ఏడు రోజులు రాయలేదు. రాయకూడదని కాదు. ఉత్తరాన్ని బల్ల మీద పెట్టి చుట్టూ తిరిగాను.

ముందు పని సంగతి. పులివెందుల సభకు నా నివేదికలో రెండు పట్టికలు పెట్టాను. మొదటిది మీరు పంపినవారు. రెండోది స్వయంగా వచ్చినవారు. రెండూ కలిపితే పది కేంద్రాల్లో పైకి వెళ్లినవారు తగ్గింది చాలా కొద్దిగా. కానీ చీటీ లేకుండా వెళ్లినవారు మూడు రెట్లయ్యారు. నీళ్లు, వేళకు రావడం, శుభ్రత, వీటిలో శిక్షణ నిజంగా పనిచేసింది. అదీ రాశాను. ఆకుపచ్చ గీత నాదని కూడా రాశాను.

సభకు ముందు వినోద్ కుమార్ నన్ను వరండాలోకి పిలిచాడు. "రెండో పట్టిక అవసరమా సార్?" అన్నాడు. అవసరం, అనవసరం కొలవలేమని నేనే కదా అన్నది. లోపలికి వెళ్లి రెండు పట్టికలూ చదివాను. చప్పట్లు లేవు. డాక్టర్ ఫరహత్ లేచి నిలబడి, మా కేంద్రంలో ఇలాగే జరిగింది, నవంబర్ ఒకటి నుంచి ఆపేశాం అంది. కాగితం చూడకుండానే చెప్పింది. విచారణ ఉంటుందంటున్నారు. నిన్నూ పిలుస్తారు. ఏడుగురి పేర్లూ, గండికోట దారి అమ్మాయి పేరూ చెప్పు. నేను పక్కన కూర్చుంటాను.

పాపను చూసి వచ్చాను. రహమత్‌బీ ఆ వార్డు కిటికీ అద్దం దగ్గర నుంచి కదలడం లేదు. "పెట్టెలో ఉండాది గానీ సార్, నన్ను గుర్తుపట్టింది" అంది.

ఇక రెండో సంగతి.

రజిని ఆసుపత్రి కాగితాలు ఒక ఫైలులో ఉన్నాయి. ఇన్నాళ్లూ తెరవలేదు. నిన్న తెరిచాను. మొదటి కాగితం మీద, నొప్పి ఆరంభం 7.15 అని ఉంది. నేను చెప్పిందే. కొట్టేసి, పైన 6.00 అని రాశాను. పక్కన నా పూర్తి పేరు రాశాను. ఇప్పుడు ఎవరికీ ఉపయోగం లేదు. అయినా తప్పు అంకె అలా ఉండకూడదు.

నిన్ను క్షమించానని రాయబోయి ఆగాను. ఆ మాట నిజమో కాదో నాకు ఇంకా తెలియదు. కోపం వచ్చింది. మీ ఇద్దరి మీదా. ఆమె మీద ఎక్కువ. ఆ గంటంతా నేను ఎవరెవరి సమాధుల మధ్యనో నిలబడి పాట పాడుతున్నాను. నన్ను బెదరగొట్టకూడదనుకుంది. అప్పటి నుంచి ఏ రోజు బెదరకుండా ఉన్నానో చెప్పమను.

ఆదివారం ఆరాధన అయ్యాక ఫోన్ చెయ్యి. ఎత్తుతాను. మొదట కాసేపు నా వైపు నుంచి మాట రాకపోతే పెట్టెయ్యకు.

బావ
దాసయ్య